ఎక్కువగా దెబ్బతిన్న లోబ్‌ను ఎందుకు వదిలేశాం: ఎంఫిసీమాలో వాల్వ్ చికిత్స, ఒక కేసు

ఎంఫిసీమా అంటే ఊపిరితిత్తుల్లోని గాలితిత్తుల గోడలు పోయే జబ్బు. ఊపిరితిత్తిలోని పెద్ద విభాగాలను లోబ్‌లంటాం. బాగా పాడైన లోబ్‌లోకి గాలి పోకుండా దాని గొట్టాల్లో వాల్వ్‌లు పెట్టి, అది ముడుచుకునేలా చేయడమే ఈ చికిత్స. ఈ కేసులో రెండు నిర్ణయాలు కష్టమైనవి. ఏ లోబ్‌కు వాల్వ్‌లు పెట్టాలన్నది మొదటిది. పెట్టాక ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్నది రెండోది. ఊపిరితిత్తుల గొట్టాల్లోకి పంపే సన్నటి కెమెరా గొట్టం, అంటే బ్రాంకోస్కోప్ గుండా వాల్వ్ పెట్టే పని చేతికి అలవాటైన వాళ్లకు గంటలోపే అయిపోతుంది. కానీ ఫలితమంతా ఈ రెండు నిర్ణయాల మీదే ఆధారపడుతుంది కాబట్టి వాటి వెనక ఆలోచన ఏమిటో వివరంగా రాస్తున్నాను. పేషెంట్ అనుమతి ఉంది. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాను.

నేపథ్యం

ఆయన వయసు అరవైల్లో. ముప్పై ఏళ్లకు పైగా సిగరెట్లు కాల్చారు, మా దగ్గరికి వచ్చేనాటికి మానేసి కొన్నేళ్లయింది. గాలి గొట్టాలు ఇరుకై ఊపిరి వదలడం కష్టమయ్యే దీర్ఘకాలిక జబ్బు, సీఓపీడీ, ఉందని ఎప్పుడో తేలింది. మూడు మందులు కలిసిన ఇన్హేలర్ వాడుతున్నారు. అంతకుముందు ఏడాదిలో రెండుసార్లు ఆయాసం ముదిరి స్టెరాయిడ్లు, యాంటీబయాటిక్స్ వాడాల్సి వచ్చింది. కఫం పెద్దగా లేదు. ఈ చిన్న విషయం తర్వాత చాలా పనికొచ్చింది. రోజూ ఎక్కువ కఫం వచ్చేవాళ్లకు వాల్వ్ వెనక ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, వాల్వ్ కూడా తొందరగా మూసుకుపోవచ్చు.

ఆయన మాటల్లో సమస్య ఇది: "డాక్టరు గారూ, గాలి లోపలికి పోవడానికి చోటే లేదనిపిస్తుంది." స్నానం చేసి ఒళ్లు తుడుచుకునేసరికి కూర్చోవాల్సి వస్తోంది. ఒక అంతస్తు మెట్లెక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగాలి.

"చోటు లేదు" అన్నది ఊపిరితిత్తుల పనితీరు పరీక్ష, పీఎఫ్‌టీలో అక్షరాలా కనిపించింది. ఒక సెకనులో బలంగా వదలగలిగే గాలి, అంటే ఎఫ్ఈవీ1, 0.78 లీటర్లు. ఆ వయసుకు ఉండాల్సిన దాంట్లో 28 శాతం. పూర్తిగా ఊదేశాక కూడా లోపలే మిగిలిపోయే గాలి, అంటే రెసిడ్యువల్ వాల్యూమ్, 5.4 లీటర్లు. ఉండాల్సిన దానికి 232 శాతం. గ్యాస్ బదిలీ సామర్థ్యం, డీఎల్‌సీఓ, 36 శాతం. ఆరు నిమిషాల నడకలో 230 మీటర్లు.

ఎంఫిసీమాలో గాలితిత్తుల గోడలు పోతాయి, ఊపిరితిత్తికి ఉండే సాగే గుణం పోతుంది, వదలాల్సిన గాలి లోపలే ఇరుక్కుపోతుంది. ఉబ్బిన ఊపిరితిత్తులు డయాఫ్రమ్‌ను కిందికి నొక్కి చదును చేస్తాయి. గుమ్మటంలా ఉండాల్సిన కండరం చదునైపోయాక ఎంత లాగినా గాలి కదలదు. నడిస్తే శ్వాస వేగం పెరుగుతుంది, వదిలే సమయం తగ్గుతుంది, ఇంకాస్త గాలి ఇరుక్కుంటుంది. ఇలాంటి వాళ్లకు గాలి గొట్టాలను వదులు చేసే మందులు కొంతవరకే సాయపడతాయి. పాడైన భాగాన్ని కుదించి మిగతా భాగానికి చోటివ్వడమే వాల్యూమ్ రిడక్షన్.

ముందు చేసినవి, చాలనివి

మొదటిసారి వచ్చినప్పుడే ఆయన వాల్వ్ గురించి అడిగారు. మేం వెంటనే ఒప్పుకోలేదు. ఇన్హేలర్ ఎలా తీసుకుంటున్నారో చూస్తే పొడి మందును నెమ్మదిగా పీలుస్తున్నారు. ఆ పరికరానికి బలంగా, వేగంగా పీల్చాలి. ఆయనకు అంత బలం లేదు. అందుకే అవే మందులు నెమ్మదిగా పీల్చేందుకు వీలయ్యే మరో రకం ఇన్హేలర్‌కు మార్చాం. తర్వాత కొన్ని వారాల పల్మనరీ రిహాబ్: కాళ్ల కండరాలకు వ్యాయామం, పెదాలు బిగించి ఊపిరి వదలడం, ఓపిక పొదుపుగా వాడుకోవడం. నడక 262 మీటర్లకు పెరిగింది. మెట్ల మీద ఒక్కసారే ఆగుతున్నానని చెప్పారు. రెసిడ్యువల్ వాల్యూమ్ మాత్రం కదల్లేదు.

రిహాబ్‌ను పేషెంట్లు చాలామంది వాల్వ్‌కు ముందు ఉండే అడ్డంకిలా చూస్తారు. నా అభిప్రాయం వేరు. రిహాబ్ లేకుండా వాల్వ్ పెడితే ఊపిరికి చోటు దొరికినా కాళ్లు కదలవు. పైగా రిహాబ్ అయ్యాక కూడా ఉబ్బు తగ్గలేదంటే, ఆయాసానికి అసలు కారణం కండరాల బలహీనత కాదని, ఇరుక్కున్న గాలేనని తేలిపోతుంది. ఈయన విషయంలో అదే జరిగింది.

పాడైన భాగాన్ని కోసి తీసేసే సర్జరీ ఆలోచన కూడా చేశాం. ఆ సర్జరీని మందులతో పోల్చి, 2003లో ఫలితాలు వెలువడ్డ నెట్ అధ్యయనంలో 1,218 మంది పాల్గొన్నారు. పై లోబ్‌ల్లో జబ్బు ఎక్కువగా ఉండి, నడిచే శక్తి బాగా తక్కువగా ఉన్నవాళ్లకు సర్జరీ మేలు చేసింది. అయితే మొదటి 90 రోజుల్లో సర్జరీ చేయించుకున్న వాళ్లలో 7.9 శాతం, మందుల మీద ఉన్నవాళ్లలో 1.3 శాతం చనిపోయారు. ఎఫ్ఈవీ1 20 శాతం లోపు ఉండి, దానికి తోడు డీఎల్‌సీఓ కూడా 20 లోపు ఉన్నవాళ్లకో, జబ్బు ఊపిరితిత్తి అంతటా సమానంగా ఉన్నవాళ్లకో సర్జరీ చాలా ప్రమాదమని 2001లోనే తెలిసింది. మన పేషెంట్ ఆ కోవలోకి రారు. కాబట్టి సర్జరీ తలుపు మూసుకుపోలేదు. వాల్వ్ కుదరకపోతే అటు వెళ్లవచ్చని మొదటి రోజే ఆయనకు చెప్పి ఉంచాం.

ఎకోలో ఊపిరితిత్తుల రక్తనాళాల ఒత్తిడి పెద్దగా పెరగలేదు. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 46. రెండూ వాల్వ్‌కు అడ్డం కాని స్థాయిలోనే ఉన్నాయి.

ఏ లోబ్?

ఆయన్ని పంపిన డాక్టర్ ఉత్తరంలో "కుడి పై లోబ్‌కు వాల్వ్‌లు" అని ఉంది. సీటీ చూస్తే ఎవరైనా అదే అంటారు. కంప్యూటర్ లెక్కలో కుడి పై లోబ్ 64 శాతం, ఎడమ పై లోబ్ 57 శాతం ధ్వంసమయ్యాయి. కింది లోబ్‌లు రెండూ అంతకన్నా బాగా మెరుగు.

కానీ లోబ్ ఎంత పాడైంది అన్నది సగం ప్రశ్నే. లోబ్‌ల మధ్య ఫిషర్ అనే విభజన ఉంటుంది. చాలామందిలో అది పూర్తిగా ఏర్పడి ఉండదు. ఆ ఖాళీ గుండా పక్క లోబ్‌లోంచి గాలి అడ్డదారిన వస్తుంది. దీన్నే కొలేటరల్ వెంటిలేషన్ అంటాం. రెండు గదుల మధ్య గోడకు కన్నం ఉంటే ఒక గది తలుపు బిగించి లాభం లేదు. వాల్వ్ ఆ లోబ్‌లోకి గాలి పోనివ్వదు, లోపలి గాలిని, కఫాన్ని మాత్రం బయటికి వదులుతుంది. అడ్డదారిన గాలి వస్తుంటే లోబ్ ఎప్పటికీ ముడుచుకోదు.

ఈ సంగతి మన రంగానికి తెలిసింది నిరాశ ద్వారానే. 2010లో వెలువడ్డ వెంట్ అధ్యయనంలో వాల్వ్ పెట్టిన వాళ్ల ఎఫ్ఈవీ1 ఆరు నెలలకు సగటున 4.3 శాతమే పెరిగింది. తర్వాత విడదీసి చూస్తే ఫిషర్ పూర్తిగా ఉన్నవాళ్లకే మేలు ఎక్కువని కనిపించింది. 2015లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ బృందం అడ్డదారి గాలి లేని 68 మందినే ఎంచుకుని చేసిన స్టెల్వియో అధ్యయనంలో ఫలితం ఎంతో మెరుగైంది. వాల్వ్‌లో పెద్ద మార్పేమీ లేదు, పేషెంట్ల ఎంపిక మారింది.

మన పేషెంట్ ఫిషర్లు ఇలా ఉన్నాయి. కుడివైపు పై లోబ్‌కూ మధ్య లోబ్‌కూ మధ్యనున్న అడ్డ ఫిషర్ 62 శాతమే పూర్తి. కుడి ఏటవాలు ఫిషర్ 96 శాతం. ఎడమ ఏటవాలు ఫిషర్ 91 శాతం. అంటే ఉత్తరంలో అడిగినట్టు కుడి పై లోబ్ ఒక్కదానికే వాల్వ్‌లు పెడితే మధ్య లోబ్ నుంచి గాలి వస్తూనే ఉంటుంది. అది పనిచేయదని సీటీయే చెప్పేసింది.

రెండు దారులు మిగిలాయి. కుడివైపు పై, మధ్య లోబ్‌లు రెండింటినీ కలిపి మూసేయడం మొదటిది. ఏటవాలు ఫిషర్ గట్టిగా ఉంది కాబట్టి కాగితం మీద ఇదే మెరుగు. రెండోది ఎడమ పై లోబ్. అక్కడ 91 శాతం అంటే అనుమానపు స్థాయి. 80కి తక్కువైతే వద్దనుకుంటాం, 95 దాటితే ధైర్యం. మధ్యలో ఉన్నవాళ్లకు లోపలికి వెళ్లి కొలవాల్సిందే.

మా సమావేశంలో అభిప్రాయాలు చీలాయి. కుడివైపు వైపు మొగ్గిన వాళ్ల వాదన బలమైనదే: ఎక్కువ పాడైన లోబ్ పోతుంది, ఫిషర్ నమ్మదగ్గది. నేను ఎడమవైపు మొగ్గాను. ఏ భాగానికి ఎంత రక్తం వెళ్తోందో చూపే పర్ఫ్యూజన్ స్కాన్‌లో మధ్య లోబ్‌కు రక్తం బాగానే వెళ్తోంది. అంతంతమాత్రం ఊపిరితో ఉన్న మనిషిలో పనిచేస్తున్న భాగాన్ని మూసేయడానికి నా మనసు ఒప్పుకోలేదు. ఎడమ పై లోబ్‌కు రక్తం చాలా తక్కువ, అది పోయినా నష్టం లేదు. ఎడమ కింది లోబ్‌కు రక్తం బాగుంది, చోటు దొరికితే విచ్చుకుని పనిచేస్తుంది. ఎడమ పై లోబ్‌కు పెట్టినప్పుడు న్యూమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరే ముప్పు ఎక్కువన్న సంగతి కూడా అక్కడే చర్చకు వచ్చింది. అది నిజమే. దానికి సిద్ధంగా ఉండవచ్చు, కానీ మూసేసిన మంచి లోబ్ చేసే పనిని ఇంకేదీ చేయలేదు. చివరికి ముందు ఎడమవైపు కొలుద్దామని, గాలి వస్తోందని తేలితే అదే సిటింగ్‌లో కుడివైపు రెండు లోబ్‌లు చూద్దామని ఒప్పుకున్నాం. రెండింటికీ ముందే సమ్మతి తీసుకున్నాం. మత్తులో ఉన్న మనిషి గురించి కొత్త నిర్ణయం తీసుకోవాల్సిన పరిస్థితి రాకూడదు.

ఆ రోజు

చార్టిస్ అనే పరికరంతో కొలుస్తాం. బెలూన్ ఉన్న సన్నటి క్యాథెటర్‌తో లోబ్ గొట్టాన్ని మూసి, మధ్య రంధ్రం గుండా బయటికి వచ్చే గాలిని చూస్తాం. అడ్డదారి లేకపోతే ఆ ప్రవాహం నెమ్మదిగా తగ్గుతూ కొన్ని నిమిషాల్లో ఆగిపోతుంది. అడ్డదారి ఉంటే వస్తూనే ఉంటుంది.

బెలూన్ ఉబ్బించిన మొదటిసారి ప్రవాహం నాలుగైదు శ్వాసల్లోనే టక్కున ఆగిపోయింది. మానిటర్ చూసి గదిలో ఒకరు "నెగటివ్" అన్నారు. నెగటివ్ అయితే అలా ఆగదు. ఉబ్బిన లోబ్‌లో అంత గాలి ఉన్నప్పుడు నాలుగు శ్వాసల్లో ఖాళీ అవడం అసాధ్యం. క్యాథెటర్ మొన గొట్టం గోడకు ఆనుకుని ఉండాలి, లేదా కఫం అడ్డుపడి ఉండాలి, లేదా గొట్టమే ముడుచుకుని ఉండాలి. బెలూన్ దించి, కఫం తీసి, క్యాథెటర్ కడిగి, కాస్త పైకి జరిపి మళ్లీ కొలిచాం. ఈసారి గ్రాఫ్ మెట్టుమెట్టుగా దిగి దాదాపు అయిదు నిమిషాలకు సున్నా అయింది. అడ్డదారి లేదని అప్పుడు నమ్మాం. కొత్తగా నేర్చుకునే వాళ్లు ఇక్కడ అంకె కన్నా గీత ఆకారం చూడాలి.

పై లోబ్‌లోని చిన్న విభాగాలు, అంటే సెగ్మెంట్లన్నీ, ఆ లోబ్ కింది భాగమైన లింగ్యులాతో సహా, మూసేలా నాలుగు వాల్వ్‌లు పెట్టాం. ఒక్క సెగ్మెంట్ తెరిచి ఉన్నా ఫలితం ఉండదు. నిటినాల్ తీగ చట్రం, సిలికాన్ పొర, మధ్యలో బాతు ముక్కు ఆకారపు ద్వారం: మేం వాడిన వాల్వ్ అంటే ఇంతే. జెఫిర్, స్పైరేషన్ అనే రెండు రకాలకూ 2018లో అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదం వచ్చింది. మేం వాడింది మొదటి రకం.

మర్నాడు ఉదయం ఆయన ముఖం వేరేలా ఉంది. నిండుగా గాలి పీల్చి చాలా ఏళ్లయిందన్నారు. ఎక్స్‌రేలో ఎడమ పై లోబ్ ముడుచుకుని ఉంది.

చెడిన చోటు

ఆ సాయంత్రమే దగ్గు వచ్చి, వెంటనే ఎడమ ఛాతీలో నొప్పి మొదలైంది. ఆక్సిజన్ 81కి పడింది. బెడ్ దగ్గరే తీసిన ఎక్స్‌రేలో పెద్ద న్యూమోథొరాక్స్.

ఇది ఎందుకు వస్తుందో అర్థమైతేనే ఏం చేయాలో తెలుస్తుంది. పై లోబ్ వేగంగా ముడుచుకుంటే ఆ చోటులోకి కింది లోబ్ ఒక్కసారిగా సాగుతుంది. అదీ ఎంఫిసీమా ఉన్న లోబే, దాని ఉపరితలం ఎక్కడో చిరుగుతుంది. అంటే చిరిగింది వాల్వ్ పెట్టిన లోబ్ కాదు, పక్కది. ఎంత బాగా ముడుచుకుంటే ఈ ముప్పు అంత ఎక్కువ. 2018లో వచ్చిన లిబరేట్ అధ్యయనంలో వాల్వ్ పెట్టిన 128 మందిలో 34 మందికి మొదటి 45 రోజుల్లో న్యూమోథొరాక్స్ వచ్చింది. ఆ వ్యవధిలోనే ఆ గుంపులో నలుగురు చనిపోయారు. అందుకే వాల్వ్ పెట్టాక పేషెంట్‌ను కనీసం మూడు రాత్రులు హాస్పిటల్‌లోనే ఉంచుతాం. బాగున్నాను, ఇంటికి పంపమన్నా పంపం. ఊపిరితిత్తి చుట్టూ చేరిన గాలిని బయటికి తీసే ఛాతీ ట్యూబ్ సామాను బెడ్ పక్కనే ఉంటుంది. ఆ రాత్రి డ్యూటీ డాక్టర్ కొద్ది నిమిషాల్లో ట్యూబ్ వేయగలిగారంటే సామాను దగ్గరే ఉండడం వల్లే.

ట్యూబ్ వేశాక ఆక్సిజన్ కుదుటపడింది. గాలి లీక్ మాత్రం ఆగలేదు. గాలిని మెషీన్‌తో లాగే సక్షన్ పెట్టలేదు, గాలి దానంతటదే నీటిలోంచి బుడగలుగా బయటికి పోయే నీటి సీల్ మీదే ఉంచాం. చిరిగిన చోటును బయటి నుంచి ఇంకా లాగితే అది మూసుకోదు. కొన్ని రోజులు చూశాం. చాలా లీక్‌లు వాటంతట అవే ఆగిపోతాయి. ఇది ఆగలేదు. వారం దగ్గరపడుతుంటే ఊపిరితిత్తి సగమే విచ్చుకుని ఉంది, దగ్గినప్పుడల్లా బుడగలు. ఆయన నీరసించారు, తిండి తగ్గింది. ఇంట్లో వాళ్ల టెన్షన్ మరింత పెరిగింది. కూతురు నేరుగా అడిగింది: "నాన్నకు ఇవన్నీ తీసేయండి. ముందున్నట్టు ఉంటే చాలు."

ఆ మాటలో న్యాయం ఉంది. అన్నీ తీసేయడం ఒక దారే. మనిషి ప్రమాదంలో ఉంటే, ఆక్సిజన్ నిలవకపోతే, నేను వెంటనే అదే చేసేవాణ్ని. ఇంకా ఆగడం మరో దారి. కానీ ట్యూబ్ ఉన్నన్ని రోజులు ఇన్ఫెక్షన్ భయం, మంచం మీద కండరాలు కరగడం. మత్తు ఇచ్చి థొరాకోస్కోపీతో, అంటే ఛాతీలోకి కెమెరా పంపి, చిరుగు మూయడం మూడోది. ఈ ఊపిరితిత్తులతో ఆ స్థితిలో అది పెద్ద సాహసం. మేం ఎంచుకున్నది నాలుగోది: ఒకే ఒక వాల్వ్ తీయడం.

కింది లోబ్ మీద పడుతున్న లాగుడు తగ్గాలి, అంతే. అందుకు పై లోబ్ మొత్తం తెరవక్కర్లేదు. ఒక సెగ్మెంట్‌లోకి గాలి పోతే పై లోబ్ కొద్దిగా ఉబ్బుతుంది, కింది లోబ్ వదులవుతుంది, చిరుగు అంచులు దగ్గరవుతాయి. పై లోబ్‌లో ముందువైపున ఉండే సెగ్మెంట్‌లోని వాల్వ్ తీశాం. మళ్లీ పెట్టాల్సి వస్తే స్కోప్‌కు తేలిగ్గా అందేది అదే. కూతురికి ఇది బొమ్మ గీసి చెప్పాం. లీక్ ఆగకపోతే మిగతావీ తీసేస్తామని మాటిచ్చాం. మర్నాటికి బుడగలు తగ్గాయి, ఆ తర్వాత ఆగిపోయాయి. ట్యూబ్ క్లాంప్ చేసి, ఎక్స్‌రే చూసి, తీసేశాం. ఇంటికి వెళ్లేనాటికి ఆయన ఆయాసం వాల్వ్‌కు ముందున్న స్థాయికే వచ్చింది.

మళ్లీ పెట్టాలా?

దాదాపు ఆరు వారాలకు సీటీ తీస్తే ఎడమ ఊపిరితిత్తి పూర్తిగా విచ్చుకుని ఉంది, చుట్టూ గాలి లేదు. పై లోబ్ మళ్లీ ఉబ్బిపోయింది. మూడు వాల్వ్‌లు ఉన్నచోటే ఉన్నాయి గానీ వాటివల్ల లాభం లేదు.

ఇక్కడ ఆగిపోదామా అన్నది నిజమైన ప్రశ్న. నన్ను ముందుకు నడిపింది ఆ ఒక్క ఉదయం. లోబ్ ముడుచుకుంటే ఈయనకు మేలు జరుగుతుందా అన్న సందేహానికి ఆయన శరీరమే జవాబిచ్చింది. న్యూమోథొరాక్స్ రావడం వల్ల చికిత్స విఫలమైందని రాసేస్తే ఆ సమాచారం వృథా అయ్యేది. పైగా చిరిగిన చోటు మానింది, కింది లోబ్ కొంత సాగడానికి అలవాటు పడింది. రెండోసారి ముప్పు ఉండదని ఎవరూ చెప్పలేరు. మేమూ చెప్పలేదు. కుటుంబమంతా ఉన్నప్పుడు రెండు వైపులా చెప్పి, ఇంటికెళ్లి ఆలోచించుకోమన్నాం. కూతురికి ఇష్టం లేదు. ఆయనే నిర్ణయం తీసుకున్నారు: "ఆ ఒక్క పూట ఎలా ఉందో నాకు తెలుసమ్మా."

ముందువైపు సెగ్మెంట్‌లో కొత్త వాల్వ్ పెట్టాం. ఈసారి లోబ్ నెమ్మదిగా, కొన్ని రోజులు తీసుకుని ముడుచుకుంది. న్యూమోథొరాక్స్ రాలేదు.

మూడు నెలలకు సీటీలో ఎడమ పై లోబ్ 1.2 లీటర్లు తగ్గింది. పేషెంట్‌కు తెలిసేంత మేలుకు కనీసం 350 మిల్లీలీటర్లు తగ్గాలని లెక్క. రెసిడ్యువల్ వాల్యూమ్ 5.4 నుంచి 4.4 లీటర్లకు, ఎఫ్ఈవీ1 0.78 నుంచి 0.94కు వచ్చాయి. నడక 318 మీటర్లు. డీఎల్‌సీఓ దాదాపు అలాగే ఉంది. నడిచేటప్పుడు ఆక్సిజన్ ఇంకా పడిపోతోంది, అందుకు పోర్టబుల్ ఆక్సిజన్ వాడుతున్నారు. పోయిన గాలితిత్తులు తిరిగి రావు. ఇది జబ్బును నయం చేసే చికిత్స కాదని మొదట్లో చెప్పిన మాటే ఇప్పుడూ చెబుతాం.

ఇలాంటి పేషెంట్లను పంపే డాక్టర్లకు నా విన్నపం ఒకటుంది. ఉత్తరంలో లోబ్ పేరు కన్నా పలచటి స్లైసుల సీటీ, రెసిడ్యువల్ వాల్యూమ్ ఉన్న పూర్తి పీఎఫ్‌టీ పంపండి. ఊదించి బయటికి వచ్చే గాలిని మాత్రమే కొలిచే స్పైరోమెట్రీ ఒక్కటే చూస్తే గాలి ఎంత ఇరుక్కుందో తెలియదు. ఆ కొలత లేకపోవడంతో పనికొచ్చే పేషెంట్లు ఏళ్ల తరబడి ఇన్హేలర్లు మార్చుకుంటూ ఉండిపోతున్నారు. సిగరెట్ ఇంకా మానని వాళ్ల విషయంలో ముందు మానిపించే పని మొదలుపెట్టండి.

ఏడాది తర్వాత ఎఫ్ఈవీ1 0.90 దగ్గర ఉంది. ఆ ఏడాదిలో ఒకసారే ఆయాసం ముదిరింది, అదీ ఇంట్లోనే తగ్గింది. ఈమధ్య వచ్చినప్పుడు కుడివైపు కూడా పెడతారా అని అడిగారు. ప్రస్తుతానికి వద్దన్నాం. అటువైపు చేయాలంటే మధ్య లోబ్‌ను కూడా మూయక తప్పదు, అందులోకి ఇప్పటికీ రక్తం వెళ్తోంది. ఎడమవైపు వచ్చిన మేలు తగ్గడం మొదలైతే స్కాన్ మళ్లీ తీసి, సర్జన్‌ను కూడా కూర్చోబెట్టుకుని ఆ విషయం మాట్లాడతాం. ఆరు నెలలకోసారి పీఎఫ్‌టీకి రమ్మన్నాం.